ఆపమంటే ఆపాలి

మావయ్య మళ్ళీ గొంతు సవరించుకున్నాడు, అంటే ధర్మపన్నాలు మొదలవుతాయన్నమాట. కోర్టు వరండాలో గోడకి ఆనించి వేసిన ఈ చెక్క బెంచీ మీద అటు మావయ్య, ఇటు అక్క, మధ్యలో నేను, పసిపిల్ల మంచం మీంచి దొర్లిపోకుండా రెండు పక్కలా దిండ్లు పెట్టినట్టు. ఎదురుగా మూసిన తలుపు. అది తెరుచుకుని బంట్రోతు పిలిచాడంటే లోపలికి వెళ్ళి బోనెక్కి, మాస్టారు నన్ను ఏం చేశాడో నా నోటితో నేను చెప్పాలి. చెప్పాక ఆయన లాయరు లేచి అడగాలనుకున్నవన్నీ అడుగుతాడు. "చూడమ్మా," అంటున్నాడు మావయ్య, వరండా అంతా తన సొంత వసారా అయినట్టు కాళ్ళు బార్లా చాపి, "ఒక్క ముక్క. లాక్కెళ్ళాడని చెప్పు. చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళాడు, తలుపేశాడు. అంతే. దాంతో వాడి పని సరి." లాక్కెళ్ళలేదు మావయ్యా, నేనే వెళ్ళాను, మెట్లెక్కి, మలుపులో ఉన్న అద్దంలో జుట్టు సరిచేసుకుని మరీ వెళ్ళాను అని ఈయనకి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఈయన మొహం కాఫీలో ఈగ పడ్డట్టు అయిపోతుంది. వాడు చేసిన పనికి కాదు ఆ మొహం, నేను నడిచి వెళ్ళినందుకు. నన్ను ఈడ్చుకెళ్ళి ఉంటే ఈయనకి ఎంత హాయిగా ఉండేదో! ఏడవడానికి, నలుగురిలో తలెత్తుకోవడానికి, మా మేనకోడలు నిప్పులాంటి పిల్ల అని చెప్పుకోవడానికి ఎంత వీలుగా ఉండేదో!

అసలు ఎవరికీ ఆ మాట నోటికి రాదు. మావయ్యకి అది "ఆ విషయం". అక్కకి "ఆ గొడవ". అమ్మయితే ఏ పేరూ పెట్టదు, పైకప్పు వైపు చూసి నిట్టూరుస్తుంది, మిగతాది పైకప్పు చెప్పాలి. డ్రైవింగ్ స్కూలు ఓనరుకి అది "మీ ఇద్దరి మధ్య వచ్చిన చిన్న తేడా". చిన్న తేడా! క్లచ్ ప్లేటు అరిగిందనుకున్నాడు కాబోలు మహానుభావుడు. ఆయన కనిపెట్టిన పరిష్కారం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: మాస్టారికి పొద్దుటి బ్యాచీలు, నాకు సాయంత్రం బ్యాచీలు. "ఇద్దరూ ఎదురుపడరు కదమ్మా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు, టేబుల్ మీద ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా రెండు చేతులూ ఆనించి. పోలీస్ స్టేషన్ కావాలి సార్ అని వచ్చేశాను. అక్కడ ఇంకో మహానుభావుడు. అరిచారా? లేదు. కొట్టారా, కరిచారా, రక్కారా? లేదు. మరేం చేశారు? వద్దన్నానండీ. పెన్ను ఆపి, కళ్ళజోడు మీంచి నన్ను ఒకసారి చూసి, "అంతేనా?" అన్నాడు. అంతేనా అట! ఇంకా ఏం చేస్తే ఈయనకి సరిపోయేదో, కిటికీలోంచి దూకి కాళ్ళు విరగ్గొట్టుకుని వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చేవాడేమో. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ పైకప్పు వైపు చూసింది.

మాస్టారంటే బళ్ళో పంతులు కాదు, మా డ్రైవింగ్ స్కూల్లో సీనియర్ ఇన్‌స్ట్రక్టరు. నాకు బండి నేర్పింది ఆయనే, ఆ తర్వాత ఇంకొకరికి బండి ఎలా నేర్పాలో నేర్పిందీ ఆయనే. చూశారా, ఇప్పటికీ మనసులో ఆయన, గియన అనే అనుకుంటున్నాను. ఛీ, ఏం అలవాటు ఇది. వాడు. వాడు నాకు బండి నేర్పాడు. నేర్పే బళ్ళలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, మా చేతిలో స్టీరింగు ఉండదు, మా కాలి కింద బ్రేకు ఉంటుంది. నేను కాస్త తొందరగా తొక్కుతానని పిల్లలు నాకు బ్రేకు మేడం అని పేరు పెట్టారు, వాడైతే చివరిదాకా తొక్కడు. తొక్కక్కర్లేదు వాడికి. బండెక్కిన మొదటి రోజే ప్రతివాడి చేతా చెప్పించేవాడు: ఆపమంటే ఆపాలి. ఎందుకని తర్వాత అడుగు, ముందు ఆపు. ఎవడో ఒకడు నడి కూడలిలో ఇరుక్కుని, "ఇంత దూరం వచ్చాక ఎలా ఆపమంటారు సార్?" అని ఏడుపు మొహం పెట్టేవాడు. "ఎంత దూరం వచ్చావని నేనడిగానా? ఆపమన్నాను," అనేవాడు మాస్టారు, గొంతు పెంచకుండా. ఆ పెంచకపోవడమే వాడి గొప్ప. "నేను అరవను. మామూలుగా చెప్తాను. చెవులు మీవి, కాలు మీది," అనేవాడు. ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు, కారూ బంగళా ఉన్నవాడు, ఆపమంటే ఇంకో పది గజాలు పోనిచ్చి నవ్వుతూ ఆపాడు. వాణ్ణి అక్కడే రోడ్డు మీద దింపేసి, మర్యాదగా తలుపు వేసి, మీరు వేరే చోట నేర్చుకోండి సార్ అని వచ్చేశాడు. వెనక సీట్లో కూర్చుని నేను చూశాను ఆ తమాషా అంతా. అదిగో, అప్పుడే నచ్చాడు నాకు. చెప్పడానికి సిగ్గేం లేదు. మనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాను. ఇప్పుడు అనుకుంటే నామీద నాకు కాదు, వాడి మీదే ఇంకాస్త అసహ్యం పుడుతుంది, ఎందుకంటే తెలియని వాడైతే తెలియదనుకుందుము. వీడికి పాఠమంతా కంఠతా వచ్చు. రోజంతా ఊళ్ళో వాళ్ళ చేత వల్లె వేయించి, మేడ మీదికి వెళ్ళి చెప్పులతో పాటు అదీ గుమ్మం బయట విడిచేశాడు.

సెలవు రోజు మధ్యాహ్నం. స్కూలు మూసి ఉంది, బళ్ళు రెండూ షెడ్డులో ఉన్నాయి, వాన. వాడు ఉండేది స్కూలు మేడ మీది గదిలోనే. టీ పెడుతున్నాను, వస్తావా అని మెసేజ్ పెట్టాడు. వస్తున్నా అని నేను, పక్కన ఒక నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టాను. ఆ బొమ్మని వాళ్ళ లాయరు గుమ్మడికాయంత చేసి కాగితం మీద అచ్చు వేయించాడట, ఊరేగిస్తాడో ఏమో. ఊరేగించుకోనీ. వెళ్ళాను, టీ తాగాను, వాడు ఎవరో పిల్లాడు రివర్సులో చెత్తకుండీని గుద్దిన కథ చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాను, ముద్దు కూడా ముందు నేనే పెట్టాను. మావయ్య ఈ మాట వింటే బెంచీ మీంచి కిందపడతాడు. పెట్టాను మావయ్యా. నా నోరు, నా ఇష్టం, ఆ క్షణానికి బాగుంది. తర్వాత బాగోలేదు. ఎందుకు బాగోలేదని అందరూ అడుగుతారు, పోలీసు అడిగాడు, అక్క అడిగింది, నా స్నేహితురాలూ అడిగింది, పెద్ద కారణమేదో ఉండి తీరాలన్నట్టు. ఏమో. వాడి చేతులు మారాయి. అంతసేపూ నాతో ఉన్న చేతులు, ఉన్నట్టుండి పని మీద ఉన్న చేతులైపోయాయి. నేనక్కడ ఉన్నానో లేనో వాటికి అక్కర్లేదు. వద్దు, చాలు, నేను వెళ్తాను అన్నాను. అన్నాను. తలుపుకీ మంచానికీ మధ్య అన్నాను, వాడి మొహం చూస్తూ అన్నాను. వాడు ఆగలేదు.

ఆ తర్వాతది వివరంగా ఇక్కడ అనుకోను, లోపల చెప్తాను, చెప్పాల్సిన చోట చెప్తాను. కానీ గొంతు సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి అన్న మాట రెండోసారి రాలేదు. నోరు తెరిచాను, రాలేదు. చేతులు నావి కానట్టు పక్కన పడి ఉన్నాయి. కిటికీ రేకు మీద వాన చప్పుడు, బాత్‌రూంలో సరిగా కట్టని కొళాయి, గోడ మీద తడి మరక, దానికి ఒక చెవీ ఒక ముక్కూ, కాసేపటికి అది ఎవరో తెలిసిన మొహంలా అనిపించడం, ఇవన్నీ ఉన్నాయి, నేనే లేను. మర్నాడు కుడి పిక్క ఒకటే నొప్పి. కాలు కింద పెట్టనీయలేదు. ఎందుకో తెలియలేదు. పడలేదు, పరిగెత్తలేదు. వారం తిరిగాక ఒక పిల్లకి రోడ్డు మీద నేర్పుతుంటే ఆ అమ్మాయి గాభరాలో ఎదురుగా వస్తున్న సైకిలు మీదికి పోనిచ్చింది, నా కాలు బ్రేకు మీద పడింది, బండి ఆగింది, పిక్కలో అదే నొప్పి. అదే చోట. అప్పుడు తెలిసింది. ఆ మంచానికి కాళ్ళ వైపు చెక్క ఉంది. అంతసేపూ నా కుడికాలు ఆ చెక్కని తొక్కుతూనే ఉంది. మా పని చేసే వాళ్ళందరికీ ఉంటుంది ఈ పిచ్చి, బస్సులో వెళ్తున్నా, ఎవరో నడుపుతున్న కారులో వెనక కూర్చున్నా, ప్రమాదం కనబడితే అక్కడ లేని బ్రేకుని కాలు తొక్కేస్తుంది. బండిలో కూర్చుని ఏడ్చాను, ఆ పిల్ల పాపం తన తప్పే అనుకుని సారీ మేడం, సారీ మేడం అంటూనే ఉంది. ఈ సంగతి మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళి చెప్తే ఆ కళ్ళజోడాయన పక్కనున్న వాడి వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. కాలితో మంచం తొక్కడం ఎదిరించడం కిందికి రాదట వాళ్ళ దృష్టిలో. రక్కితే వస్తుంది. గోళ్ళు కత్తిరించుకున్న ఆడవాళ్ళ గతి ఏమిటో.

వరండా చివర వాడు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో నీళ్ళ సీసా. ఇందాక ఒక ముసలావిడ కర్రతో మెట్లెక్కుతుంటే పరిగెత్తుకెళ్ళి చెయ్యి అందించాడు. అబ్బో, ఏం మర్యాద, ఏం మన్నన! చెయ్యి పట్టుకునే ముందు ఆవిణ్ణి అడిగాడు కూడా, పట్టుకోనా అమ్మా అని. నాకు ఇక్కడికి వినపడింది. వీడు మృగం కాదు, అదే నాకు కడుపు మంట. మృగమైతే బోనులో పెట్టి తాళం వేసి ఇంటికి వెళ్ళి నిద్రపోదుము. వీడికి అడగడం తెలుసు. ఎవరిని అడగాలో, ఎవరిని అడగక్కర్లేదో కూడా వీడికి ఒక పట్టీ ఉంది, ముసలావిడ అందులో పై వరసలో ఉంది, పెద్దాఫీసర్లు ఉన్నారు, టీకి వచ్చిన దానికి చోటు లేదు. స్కూల్లో సగం మంది ఇప్పటికీ వాడి పక్షమే. మాస్టారు అలాంటివాడు కాదే అంటారు. ఎలాంటివాడు కాదు? అలాంటివాడు ఎలా ఉంటాడో వీళ్ళకి ఎవరు చూపించారో, కోరలు, కొమ్ములు ఉంటాయనుకున్నారేమో దద్దమ్మలు. పక్కన మావయ్య మెల్లగా నా వైపు వంగాడు. "ఎలాగూ అంత దూరం వెళ్ళాక, ఇప్పుడు వద్దంటే మగాడు..." అని నసిగి, అక్క ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఈయనా అదే. ఇంత దూరం వచ్చాక. ఈయన్ని మా స్కూల్లో చేర్పిస్తే మొదటి రోజే ఎవరినో ఒకరిని చంపేస్తాడు.

మా లాయరమ్మ వచ్చింది. సర్కారు తరఫు లాయరు, ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, నల్లకోటు జేబులో బిస్కట్లు. ఈ మనిషొక్కతే మొదటి రోజు నా పిక్క సంగతి విని నవ్వలేదు, ఏ పిక్క అని అడిగి రాసుకుంది. "తర్వాత మనదే," అంది నిలబడే. మావయ్య ఠక్కున లేచి, "అదేనమ్మా, లాక్కెళ్ళాడని చెప్పమంటున్నాను, మీరైనా చెప్పండి," అన్నాడు. ఆవిడ బిస్కట్టు నమిలి మింగి, "లాక్కెళ్ళాడా?" అంది. లేదన్నాను. "అయితే చెప్పొద్దు. ఆ మెసేజ్ వాళ్ళ దగ్గరుంది. నువ్వు ఒక్క అబద్ధమాడితే వాళ్ళ లాయరు దాన్ని పట్టుకుని నీ నిజాలన్నీ నీళ్ళపాలు చేస్తాడు. అసలు అవసరమేంటి? ఇష్టపడి వెళ్ళడం నేరం కాదు. వద్దన్నాక ఆగకపోవడం నేరం." మావయ్య నోరు తెరిచాడు, ఆవిడ ఆగలేదు, పొద్దుట్నించి ఇలాంటి మావయ్యల్ని ఎంతమందిని చూసి వచ్చిందో. "ముద్దుకి ఒప్పుకుంటే ముద్దుకే ఒప్పుకున్నట్టు పెద్దాయనా. నిన్న ఒప్పుకుంటే నిన్నటికే. మధ్యలో మనసు మారితే అక్కడితో సరి. నోరు పెగల్లేదని ఒప్పుకున్నట్టు కాదు, తిరగబడలేదని ఒప్పుకున్నట్టు కాదు. బెదిరిపోయి సరే అన్నా అది సరే కాదు. తాగి ఒళ్ళు తెలీకుండా పడున్న మనిషి, నిద్రపోతున్న మనిషి ఒప్పుకోవడమనేదే ఉండదు. మన చట్టంలో ఇంత స్పష్టంగా ఉంది, చదివేవాళ్ళే లేరు." నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, వెయ్యనా అన్నట్టు చూసి, నేను తలూపాక వేసింది. "అడిగిందానికి ఉన్నదున్నట్టు చెప్పు. తలుపులు మూసేస్తారు, బయటివాళ్ళెవరూ ఉండరు. తోడుగా ఒక్కర్ని తెచ్చుకోవచ్చు." అని వెళ్ళిపోయింది. మావయ్య కూర్చున్నాడు. ఇవన్నీ పుస్తకాల్లో మాటలు, కాపురాల్లో చెల్లవు అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

అక్కంటే నాకున్న కోపం వేరు. మావయ్య సంగతి సరే, నీటి సరఫరా ఆఫీసులో జీవితమంతా కుర్చీ వేడెక్కించి వచ్చిన మనిషి, ఆయన బుర్రలోకి ఇప్పుడు గాలీ వెలుతురూ పోవు. కానీ అక్క! నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి, నాకు జ్వరమొస్తే తను అన్నం మానేసిన మనిషి, ప్రతి వాయిదాకీ నా పక్కన వచ్చి కూర్చుని, ప్రతిసారీ చెవిలో జోరీగలా అదే పాట. లాక్కెళ్ళాడని చెప్పవే. ఒక్క మాటే కదే. కొట్టాడని చెప్పవే. నిన్ను కొట్టకుండా, లాక్కెళ్ళకుండా, వద్దన్నావని మాత్రమే కేసంటే ఎవరు ఒప్పుకుంటారే. నా పరువు గురించి అనుకున్నాను, బావ ఉద్యోగంలో ఎవరో ఏదో అంటారని అనుకున్నాను, పిల్లల పెళ్ళిళ్ళ గురించి అనుకున్నాను, ఏదనుకున్నా ఏవగింపే వచ్చింది నాకు. బావ మంచివాడు మరి. నోట్లో నాలుక లేనివాడని చుట్టాలందరూ అంటారు, గట్టిగా ఒక మాట అన్న పాపాన పోలేదు. అలాంటి మొగుడు దొరికితే ఇంకొకళ్ళ గొడవలు ఏం తెలుస్తాయిలే అని మనసులో చాలాసార్లు వెటకారం చేసుకున్నాను. అక్క ఇప్పుడు సంచీ తాడు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. వేలి కొస ఎర్రబడింది. మావయ్య మంచినీళ్ళ కోసం లేచి అటు వెళ్ళాడు.

"ఆవిడ నిద్రపోతున్న మనిషి అంది కదా," అంది అక్క, నా వైపు చూడకుండా.

"ఊఁ."

"నిద్రలో ఉంటే... మొగుడైనా అంతేనా?"

జవాబు నాకు సరిగ్గా తెలియదు, ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుందని, మొగుడూ పెళ్ళాల గుమ్మం దాకా వచ్చి గడప బయటే నిలబడ్డ చట్టాలు ఇంకా చాలా ఉన్నాయని లాయరమ్మ ఎప్పుడో ఏదో కేసు మాటల్లో అంది. నాకు చట్టం గుర్తుకు రావడం లేదు ఇప్పుడు. అక్క ఇల్లు గుర్తొస్తోంది. పిల్లల గదిలో అక్క మంచం. పిల్లలు రాత్రుళ్ళు భయపడతారే అని అక్కడ వేసుకుంది, ఆ పిల్లలు కాలేజీలకి పోయి హాస్టళ్ళలో ఉన్నారు, మంచం అక్కడే ఉంది. గోడకి వీపు ఆనించి, లైటు ఆర్పకుండా పడుకుంటుంది. మేం వెళ్ళినప్పుడు ఆటపట్టించేవాళ్ళం, కరెంటు బిల్లు బావ కడతాడు కాబట్టి నీకేం తల్లీ అని. బస్సులో సీటు దొరికితే చాలు, పక్కనున్న ఎవరి భుజం మీదైనా తలవాల్చి హాయిగా నిద్రపోతుంది, ఇంట్లో మాత్రం హాల్లో ఎవరైనా దగ్గితే లేచి కూర్చుంటుంది. ఇదంతా నేను చూశాను. కళ్ళతో చూశాను. లాక్కెళ్ళడమే నేరం, కొట్టడమే నేరం అయితే అక్కని ఎవరూ లాక్కెళ్ళలేదు, ఎవరూ కొట్టలేదు, అక్కకి ఏమీ జరగలేదన్నట్టే. అందుకని నా నోటివెంట ఆ అబద్ధం రావాలి. నేను నిజం చెప్తే, వద్దంటే చాలు, నిద్రపోతుంటే చాలు అని ఆ గదిలో నిర్ణయమైతే, ఇన్నేళ్ళు అక్క పక్కన ఉన్న మనిషి ఎవరు? నాలుక లేని మంచివాడు. థూ. నాకు ఈ లోకం మీద ఉన్న రోత ఇంత దాకా ఎంత తక్కువో ఇప్పుడు తెలిసింది.

"అంతేనే," అన్నాను. "కోర్టు ఏమన్నా సరే, అంతే."

అక్క వేలికి చుట్టిన తాడు విప్పేసింది. తలుపు తెరుచుకుంది, బంట్రోతు కేసు నంబరు పిలిచాడు. ఎక్కణ్ణుంచో మావయ్య ఊడిపడి, చొక్కా లాగి సరిచేసుకుని, జేబులో పెన్ను ఉందో లేదో తడుముకుని, "పద, నేనున్నాగా," అన్నాడు. అక్క లేచింది. "నువ్వు కూర్చో మావయ్యా," అంది. మా ఇంట్లో ఆయనతో ఎవరూ ఆ గొంతుతో మాట్లాడలేదు. ఆయన కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు, ఆశ్చర్యంతోనే కూర్చుని ఉంటాడు.

లోపల నేననుకున్నంత పెద్ద గది కాదు. జడ్జిగారు, కింద టైపు చేసే అమ్మాయి, ఫ్యాను, పక్కన ఒక తెర, దాని వెనక వాడు, వెనక బెంచీ మీద అక్క ఒక్కతే. లాయరమ్మ అడిగినవన్నీ చెప్పాను. ఇందాక వరండాలో అనుకోనన్నదంతా కూడా చెప్పాను, ఒక్కో మాటా విడివిడిగా, టైపు చేసే అమ్మాయికి అందేలా. మధ్యలో ఒకసారి నీళ్ళు తాగాను. తర్వాత వాళ్ళ లాయరు లేచాడు, చేతిలో ఆ నవ్వు మొహం కాగితం. మీ ఇష్టంతోనే వెళ్ళారు కదా అన్నాడు. ఇష్టంతోనే వెళ్ళానండీ అన్నాను. ఆ కాగితం ఎత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది, కాదంటానని ఎంత ఆశపడి అచ్చు వేయించుకున్నాడో పాపం. ముద్దు కూడా మీరే పెట్టారని నా క్లయింటు అంటున్నారు. అవునండీ, నేనే పెట్టాను. జడ్జిగారు కళ్ళెత్తి చూశారు. వాళ్ళ లాయరు కాగితం కింద పెట్టి, ఇంకో దారిన వచ్చాడు, గొంతులో తేనె పోసుకుని. ఆ తర్వాత వద్దన్నానంటున్నారు, గట్టిగా అన్నారా? మామూలుగా అన్నాను. వాన పడుతోందని మీరే చెప్పారు, రేకు మీద చప్పుడని మీరే చెప్పారు, మరి మామూలుగా అన్న ఆ మాట నా క్లయింటుకి వినపడనే లేదంటే, వినపడిందని మీరెలా చెప్పగలరు?

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. పోలీసుకి చెప్పలేదు, లాయరమ్మకి చెప్పలేదు, అక్కకి చెప్పలేదు. మిగతా అన్నిటికన్నా అదే నన్ను ఎక్కువ చిన్నబుచ్చింది, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, నిద్ర మధ్యలో వినపడుతుంది.

"నవ్వాడండీ," అన్నాను. "వద్దనగానే నవ్వాడు. నేనేదో ముద్దుగా అన్నట్టు నవ్వాడు. నవ్వి, ఆపలేదు. వినపడకపోతే ఎందుకు నవ్వుతాడు?"

టైపు చప్పుడు ఆగింది. ఇన్నాళ్ళూ ఈ మాట ఎక్కడా ఎందుకు చెప్పలేదు, ఇప్పుడే పుట్టిందా అని ఆయన నా మీదికి వచ్చాడు. "ఎవరూ అడగలేదు," అన్నాను. "అరిచావా అని అడిగారు. రక్కావా అని అడిగారు. ఎందుకెళ్ళావని అడిగారు. అన్నీ నేనేం చేశానన్నవే. నా మాట వాడికి వినపడిందా అని మీరే మొదట అడిగారు." ఆయన ఇంకో కాగితం కోసం ఫైలు తిరగేశాడు.

అప్పుడు వెనక నుంచి, ఎవరూ అడక్కుండా, అక్క గొంతు. మెల్లగా, వంటింట్లోంచి మాట్లాడినట్టు.

"నిజమేనండీ. నవ్వుతారు."

జడ్జిగారు తలెత్తారు. "ఎవరమ్మా మాట్లాడింది?" అన్నారు.

అక్క లేచి నిలబడింది.